చివర వచ్చినవాళ్ళకీ ఓ విశ్రాంతి

ఐఫెల్ అనగానే మనవాళ్ళందరికీ టవరే గుర్తొస్తుంది. "ప్యారిస్ వెళ్ళి ఒక్క ఫొటో అయినా పంపలేదేమే?" అని మా పిన్ని ఫోన్లో నిష్ఠూరమాడింది. కాదు పిన్నీ, ఇది జర్మనీలో ఒక కొండల ప్రాంతం, ఆ టవరు పేరుగల ఆయన పూర్వీకులు ఇక్కణ్ణుంచే ఫ్రాన్సు వెళ్ళి ఈ ప్రాంతం పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నారట అని చెప్పాను. "సరేలే, అక్కడేం చేశారు మరి?" అంది. సైకిళ్ళు తొక్కామన్నాను. అవతల కాసేపు మాట లేదు. నలభై అయిదేళ్ళ వయసులో, కొండల్లో, సైకిలు! పాపం, ఆవిడని అనుకోవడానికి ఏముంది?

మేముండేది కొలోన్‌లో. అక్కణ్ణుంచి కారు వెనకాల సైకిళ్ళు కట్టుకుని దక్షిణంగా గంటా గంటన్నర వెళితే దౌన్ అనే చిన్న ఊరు వస్తుంది. ఏడాదిగా నెలకి రెండు ఆదివారాలు మా నలుగురి మకాం ఆ చుట్టుపక్కలే. మావారు, పదిహేడేళ్ళ అమ్మాయి, పదమూడేళ్ళ అబ్బాయి, నేను.

మావి గ్రావెల్ బైకులు. చూడ్డానికి వంపు హ్యాండిలుతో రేసు సైకిల్లాగే ఉంటాయి కానీ టైర్లు బాగా లావు. మావి 45 మిల్లీమీటర్లవి. గాలి కూడా గట్టిగా కొట్టరు, వేలితో నొక్కితే కాస్త లోపలికి పోయేట్టు ఉంచుతారు. అప్పుడు టైరు కంకర మీద ఎగిరెగిరి పడకుండా రాయిని పట్టుకుని నడుస్తుంది. ఐఫెల్ అడవుల్లో కలప లారీల కోసం, పొలాలకి వెళ్ళే ట్రాక్టర్ల కోసం వేసిన కంకర దారులు కావలసినన్ని. కార్లు రావు, హారన్లు ఉండవు. పిల్లలతో వెళ్ళడానికి అంతకంటే ఏం కావాలి?

నేను పుట్టి పెరిగింది తెనాలి దగ్గర పల్లెలో. నాన్నగారి సైకిలు ఫ్రేము సందులోంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నదాన్ని. మా డెల్టాలో ఎత్తు అంటే కాలవ గట్టు ఎక్కడమే! ఇక్కడ అలా కాదు. ఇది ఒకప్పటి అగ్నిపర్వతాల ప్రాంతం. కొండెక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం... అదే దారి.

ఈ అగ్నిపర్వతాల్లో కొన్ని మనం పుస్తకాల్లో చూసే శిఖరాల్లాంటివి కావు. మార్ అంటారు వీటిని. గుండ్రటి లోతైన గుంట, అందులో నిశ్చలంగా నీళ్ళు. కాగిన నూనెలో తడి గరిటె పెడితే ఏమవుతుందో మన ఆడవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు కదా! భూమి లోపల జరిగిందీ అదే. పైకి వస్తున్న శిలాద్రవం భూగర్భజలాన్ని తాకింది, నీరంతా ఒక్కసారిగా ఆవిరై నేలని పేల్చేసింది, ఆ గుంటలో తర్వాత నీళ్ళు చేరాయి. దౌన్ దగ్గరి మార్‌లకి 20,000 ఏళ్ళు దాటాయంటారు. కాస్త దూరంలో ఉన్న ఉల్మెన్ మార్ అన్నిటికంటే చిన్నది, దాని వయసు సుమారు 11,000 ఏళ్ళు. జర్మనీలో చివరిసారి పేలిన అగ్నిపర్వతం అదేనట.

మాకు బాగా ఇష్టమైన దారి ఒకటుంది. దౌన్‌లో బయల్దేరి గెమ్యుండెన్ మార్ దగ్గరికి వెళతాం. దాని నీటిమట్టం సముద్రానికి 407 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కణ్ణుంచి 561 మీటర్ల మాయిజెబెర్గ్ కొండెక్కాలి. పైన చిన్న రాతి టవరు ఉంది. అవతలికి దిగితే వైన్‌ఫెల్డ్ మార్. దాని ఒడ్డున తెల్లటి చిన్న చర్చి, కొన్ని సమాధులు. పదహారో శతాబ్దంలో ప్లేగు వచ్చి వైన్‌ఫెల్డ్ అనే ఊరే లేకుండా పోయింది, చర్చి ఒక్కటే మిగిలింది. ఇంకా కిందకి దిగితే షాల్కెన్‌మేరెన్ మార్, దాని ఒడ్డున అదే పేరుగల ఊరు. అక్కణ్ణుంచి పాత రైలుమార్గాన్ని సైకిళ్ళకిచ్చేసిన దారి పట్టుకుని, అర కిలోమీటరు దాటిన పాత సొరంగంలోంచి చల్లగా దౌన్ చేరిపోవచ్చు. మొత్తం ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. కానీ ఆ మాయిజెబెర్గ్ ఎక్కేసరికి నా ప్రాణం పైకొచ్చేస్తుంది.

కంకర దారిలో ఎత్తు ఎక్కడానికి ఒక పద్ధతి ఉంది. లేచి నిలబడి తొక్కకూడదు. నిలబడితే వెనక చక్రం మీద బరువు తగ్గి, కంకరలో జారి ఉన్నచోటే తిరుగుతుంది. సీటు మీదే కూర్చుని, అన్నిటికంటే తేలిక గేరులో, అటూ ఇటూ ఊగకుండా నెమ్మదిగా తొక్కాలి. ఒకరి వేగం ఇంకొకరికి సరిపోదు. వెనక నుంచి తోసేవాళ్ళుండరు, ముందు నుంచి లాగేవాళ్ళుండరు. ముందు వెళ్ళినవాళ్ళు చేయగలిగింది ఒక్కటే, పైన ఆగి ఎదురుచూడడం.

మా వాళ్ళు ఆగేవారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఎలా ఆగేవారో వినండి. ముందు అబ్బాయి, వెనకే మావారు, తర్వాత అమ్మాయి. పదినిమిషాలు కూర్చుని, నీళ్ళు తాగి, బిస్కెట్లు తిని, ఫొటోలు తీసుకునేవారు. నేను రొప్పుతూ, చెమటలు కక్కుతూ చేరగానే "హమ్మయ్య, అమ్మ వచ్చేసింది, పదండి!" అని ముగ్గురూ లేచేవారు. నీళ్ళ సీసా మూత తీసేలోపు వాళ్ళు దిగడం మొదలుపెట్టేవారు. అందరికంటే ఎక్కువ అలిసినదానికి మాత్రం విశ్రాంతి లేదు. ప్రతి కొండ మీదా ఇదే వరస.

మీకిది ఎక్కడో చూసినట్టు అనిపించడం లేదూ? నాకు మొదటి నెలలోనే అనిపించింది. అందరికీ వడ్డించి, పెరుగు తెచ్చి, ఊరగాయ వేసి, మనం కంచం ముందు కూర్చునేసరికి పిల్లలు చేతులు కడుక్కుంటూ ఉంటారు. అత్తగారింట్లో పదేళ్ళు, ఇక్కడ పదేళ్ళు నేను చివరి ముద్ద ఒంటరిగానే తిన్నాను. ఎవరూ పొమ్మని లేచిందీ లేదు, ప్రేమ లేకా కాదు. వాళ్ళ పని అయిపోయింది, అంతే!

కిందటి వేసవిలో ఒక ఆదివారం ఈ దారి పూర్తి చేసి, అదే సాయంత్రం కారులో వాలెన్‌బోర్న్ అనే ఊరు వెళ్ళాం. అక్కడొక వింత ఊట ఉంది. భూమిలోపల అగ్నిపర్వతాల వల్ల పుట్టే బొగ్గుపులుసు వాయువు నీటిని పైకి నెడుతుంది. వేడినీళ్ళు కావు, చల్లటివే. సుమారు 35 నిమిషాలకోసారి బుడబుడమంటూ లేస్తుంది, బాగా లేస్తే నాలుగు మీటర్ల ఎత్తు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొడుతుంది కూడా. మేం వెళ్ళేసరికి అప్పుడే అయిపోయింది. ముగ్గురూ రాతి అంచు మీద సర్దుకుని కూర్చున్నారు, మళ్ళీ లేచేదాకా చూడాలని. ఒక్కరూ విసుక్కోలేదు. మా అబ్బాయి గడియారం చూస్తూ నిమిషాలు లెక్కపెడుతున్నాడు.

నాకు నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

"ఏమండీ, వచ్చేవారం నుంచి మీరు ముగ్గురూ వెళ్ళండి, నేను రాను" అన్నాను.

"ఏం, కాళ్ళు నొప్పులా? నీకు మోటారు ఉన్న సైకిలు కొందామా?" అన్నారాయన.

"కాళ్ళకేం కాలేదు. ఈ నీళ్ళ కోసం అరగంట కూర్చోగలిగారు. నేను పైకి చేరాక నాకోసం అయిదు నిమిషాలు కూర్చోలేరా?" అన్నాను.

గొంతు పెంచలేదు. ఆయన ఏదో చెప్పబోయి ఆగిపోయారు. కాసేపటికి అమ్మాయే మాట్లాడింది. "నాన్నా, అమ్మ చెప్పింది నిజమే. మనం పదినిమిషాలు కూర్చుంటాం, అమ్మకి ఒక్క నిమిషం కూడా ఇవ్వం" అంది. అక్టోబరులో అది చదువుకి వేరే ఊరు వెళ్ళిపోతోంది. నలుగురం కలిసి తొక్కే ఆదివారాలు అప్పటికి పట్టుమని పది కూడా మిగల్లేదు. వాటిని వదులుకోవాలని నాకు మాత్రం ఉంటుందా? కానీ నోరు మూసుకుని వెళితే ఆ పదీ నాకు చేదుగానే మిగిలేవి.

ఊట లేచింది. చూశాం. తిరిగొచ్చేటప్పుడు కారులోనే ఒక నియమం పెట్టుకున్నాం. చివర చేరినవాళ్ళు లేస్తేనే మిగతావాళ్ళు లేవాలి.

రెండు వారాల తర్వాత మళ్ళీ మాయిజెబెర్గ్ ఎక్కాను. వేగం ఏమీ పెరగలేదు, అదే రొప్పు, అదే చెమట. పైకి చేరేసరికి మా అబ్బాయి బెంచీ మీద నాకు చోటు వదిలి పక్కకి జరిగాడు. మావారు నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చారు. ఎవరూ లేవలేదు. అప్పుడు చూశాను కిందనున్న మార్‌ని, చుట్టూ అడవి, మధ్యలో ముదురు నీలం నీళ్ళు. అంతకుముందు ఎన్నిసార్లు ఎక్కినా ఆ నీళ్ళ రంగు తీరిగ్గా చూసే వ్యవధి నాకు దొరకలేదు మరి!

మీలో ఎవరైనా ఇలాంటి దారులకి వెళ్ళాలనుకుంటే నాదో చిన్న మాట. టైరు, గేరు గురించి దుకాణంవాళ్ళే చెబుతారు. దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కకండి, చూపు ఎదురుగా ఉన్న రాయి మీద కాకుండా వెళ్ళాల్సిన దారి మీద పెట్టండి. పైన ఎవరు ఎంతసేపు ఆగాలో మాత్రం బయల్దేరే ముందే ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకోండి.

ఈ నియమం మెల్లగా మా వంటింటి బల్ల దాకా వచ్చింది. మొన్న ఆదివారం పప్పుచారు, వంకాయ వేపుడు చేశాను. అందరూ తినేశారు. మావారి చేయి ఎండిపోయింది, మా అబ్బాయి బల్ల కింద కాళ్ళు ఊపుతున్నాడు. అయినా కదల్లేదు. నేను మజ్జిగ అన్నం నిదానంగా, ఇంకాస్త కలుపుకుని మరీ తిన్నాను.