ఒడిలో పొయ్యి

మా కశింకోట ప్రాంతంలో చెరకు గానుగలాడే రోజుల్లో బెల్లం పొయ్యి దగ్గర నిలబడినవారికి వేడిని గూర్చి వేరే చెప్పనక్కరలేదు. పాకం ముదిరే వేళకు మంట తగ్గించగలవాడే పనివాడు. ల్యాప్‌టాప్ విషయంలో మాకు ఆపాటి తెలివి లేకపోయింది.

గత వేసవిలో మా విద్యార్థిని ఒకామె, గతించిన తన దాదీ కబుర్లను జ్ఞాపకం చేసుకుంటూ చెబుతుండగా, ఈ సంచిక కోసం మేము టైపు చేస్తున్నాము. యంత్రం కాలి, ఫ్యాను రొదపెట్టి, చటుక్కున ఆరిపోయింది. భద్రపరచని మూడు పుటలు పోయాయి.

తయారుచేసినవారిని తిట్టుకున్నాము. తప్పు మాదే. పరుపుమీద పెట్టి గాలిదారి మూశాము; పైగా వేగం కావాలని విద్యుత్ అమరికను గరిష్ఠంలో ఉంచాము. ప్రాసెసర్ ఎంత వేగంగా నడవాలో, పని లేనప్పుడు ఎంత గాఢంగా నిద్రపోవాలో చూసుకునేది ఆపరేటింగ్ సిస్టమే. 1996లో వచ్చిన ఏసీపీఐ ప్రమాణం ఆ పెత్తనాన్ని దానికి అప్పగించింది. వేగంతోపాటు వోల్టేజీనీ తగ్గించవచ్చు. విద్యుత్ వ్యయం వోల్టేజీ వర్గాన్ని అనుసరిస్తుంది గనుక కొద్దిపాటి నిదానానికే వేడి బాగా తగ్గుతుంది. మేము ఆ వీలు లేకుండా చేశాము. అది ఆరిపోవడం ఆత్మరక్షణే.

ఇప్పుడది బల్లమీద, మధ్యస్థపు అమరికలో చల్లగా ఉన్నది. ఆ అమ్మాయి మళ్ళీ వచ్చి చెప్పింది. మొదటిసారి నోటికి వచ్చిన దాదీ మాటలు కొన్ని మాత్రం తిరిగి రాలేదు.