ఎదురు ఫ్లాట్ పెట్టె

సెప్టెంబరులో దుబాయిలో రాత్రి పదింటికి కూడా కిటికీ అద్దం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అంత ఉక్కలో మా ఎదురు ఫ్లాట్లోంచి క్రిస్మస్ పాటలు! ఫిలిప్పీన్స్ వాళ్లకు సెప్టెంబరు ఒకటో తారీఖున పండగ మొదలు. 1990లో జోస్ మారి చాన్ అనే ఆయన తెచ్చిన క్రిస్మస్ ఆల్బమ్ ఒకటి ఉంది, అది వినిపిస్తే చాలు. ఆయన రాగాలన్నీ నాకిప్పుడు కంఠతా వచ్చేశాయి. పాటతో నాకు పేచీ లేదు. పేచీ అంతా పెట్టెతోనే.

బాలిక్‌బయాన్ బాక్స్ అంటారు దాన్ని. ఊళ్లో ఇంటివాళ్లకు సామాను పంపే, నా నడుము దాటే అట్టపెట్టె. మా వరండాలో, చెప్పుల స్టాండు పక్కన, నెలల తరబడి నోరు తెరుచుకుని నిలబడి ఉంటుంది. బిల్డింగ్ నాతూర్, అంటే వాచ్‌మన్, వచ్చి అరిస్తే ఆతే దాన్ని లోపలికి జరుపుతుంది. ఆయన లిఫ్ట్ ఎక్కగానే మళ్లీ బయటికి. లోపల చోటేదీ? గదినిండా రెండంతస్తుల మంచాలు, మనిషికో పరుపు, పరుపుకో కర్టెన్. ఆతే అంటే అక్క. ఆ ఫ్లాట్లో అందరికీ ఆవిడ అక్కే, నాకూ అక్కే. పెట్టె మూల మోకాలికి తగిలిన రోజు మాత్రం ఆ చుట్టరికం చెల్లదు.

జీతం పడ్డ వారం కార్న్‌డ్ బీఫ్ డబ్బాలు వచ్చి చేరతాయి. తర్వాత టూత్‌పేస్టులు, సబ్బులు, తువ్వాళ్లు. చాక్లెట్లు అన్నిటికంటే చివర, లేకపోతే రూమ్మేట్లు మిగల్చరట. "ఈ సబ్బులు మీ ఊళ్లో దొరకవా?" అని ఒకసారి అడిగాను.

"దొరుకుతాయి," అంది.

"మరి?"

"దొరుకుతాయి," అని మళ్లీ అంది, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

ప్రతి వస్తువు మీదా మార్కరుతో ఒక పేరు. మేనల్లుడి బూట్ల కోసం వాడి పాదం కాగితం మీద గీయించి, వచ్చేవాళ్లతో తెప్పించుకుంది. పెట్టె ఓడలో ఊరు చేరేసరికి నెల దాటుతుంది, పిల్లల కాళ్లు ఓడ కోసం ఆగవు కదా. అందుకని ఒక సైజు పెద్దదే కొంటుంది.

ఈ పెట్టెల జోలికి వెళ్లి ఫిలిప్పీన్స్ ప్రభుత్వమే చెయ్యి కాల్చుకుంది. 2015లో కస్టమ్స్ వాళ్లు వీటిని విప్పి చూస్తామన్నారు. దేశదేశాల్లో ఉన్న ఫిలిప్పీనోలు భగ్గుమన్నారు. చివరికి అధ్యక్షుడు బెనిగ్నో అక్వినో కలగజేసుకుని ఊరికే విప్పొద్దని ఆదేశించాడు. ఆయన తల్లి కొరజోన్ 1988లో హాంకాంగ్ వెళ్లి, అక్కడ ఇళ్లలో పనిచేసుకునే ఆడవాళ్లను కొత్త వీరులని కీర్తించింది. వీరులు పంపే సబ్బుబిళ్లలు గిల్లి చూస్తామంటే ఎవరు ఊరుకుంటారు? 2016లో చట్టమే మార్చి, లక్షన్నర పెసోల సరుకు దాకా పన్ను ఎత్తేశారు. ఎత్తేయరూ మరి! 2023లో వలసవెళ్లినవాళ్లు ఇంటికి పంపిన నగదు 3,300 కోట్ల డాలర్ల పైమాట.

నాకు అసలు కడుపుమంట వేరే. ఆ పెట్టెకు తూకం లేదు! సైజును బట్టే డబ్బు. పట్టినంత కుక్కి, మీద కూర్చుని మూత నొక్కి, టేపు చుట్టేయడమే. మనవాళ్లకూ కార్గోలున్నాయి కానీ అక్కడ కిలోకి ఇంత అని లెక్క. విమానంలో అయితే మరీ ఘోరం. శంషాబాద్‌లో బెల్టు మీద తిరిగే అట్టపెట్టెలు చూడండి, జగిత్యాల అని ఒకదాని మీద, నిజామాబాద్ అని ఇంకోదాని మీద. వాటిలో ప్రతి టాంగ్ డబ్బా వెనకా కాటా దగ్గర ఓ తగువు ఉంటుంది.

పోయిన సంక్రాంతికి నాకూ అయ్యింది. రెండు కిలోలు ఎక్కువని కౌంటర్లో పిల్ల పెట్టె విప్పించింది. అమ్మకని కొన్న దుప్పటి తీసి భుజాన వేసుకున్నాను. ఇప్పుడు సరిపోయిందంది. దుప్పటి నా మీద ఉంటే విమానానికి బరువు కాదన్నమాట! నా వెనకాయన అవలీలగా నూటపది కిలోలుంటాడు, చిన్న సంచితో చకచకా వెళ్లిపోయాడు. మనిషినీ సామానునూ కలిపి తూచాలని నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను. నేను యాభై ఎనిమిది కిలోలు. మిగిలిన యాభై రెండుకీ ఎంత బాదంపప్పు వస్తుందో మీరే చెప్పండి.