హక్కుకు బొమ్మ గీయడమెలా?

రమజాన్ సమీపించగానే మసీదు గోడలపై జకాత్ గోడపత్రికలు వెలుస్తాయి. వాటిలో అనేకం ఒకే మూసలో ఉంటాయి. పైన ఇచ్చే చేయి, కింద చాపిన చేయి, లేదా కన్నీరు నిండిన పసిబిడ్డ ముఖం. అడుగున పెద్ద అక్షరాలతో, జకాత్ పేదల హక్కు అన్న మాట. ఈసారి మా పేట మసీదుకు గోడపత్రిక రూపొందించే పనిని మా కుటుంబానికి అప్పగించారు. అందువల్ల ఆ మాటా, ఆ బొమ్మా ఒకే సంగతి చెబుతున్నాయా అని పరిశీలించాము.

ఇందుకు ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ 1964లో చూపిన పద్ధతి ఉపకరించింది. పాంజానీ అనే కంపెనీ పాస్తా ప్రకటనను ఆయన మూడు పొరలుగా విడదీశాడు: రాసిన మాట, కంటికి కనిపించే వస్తువులు, ఆ వస్తువులు మనసులో రేపే భావం. వలసంచీలోని టమాటాలు, పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగులు కలిసి ఫ్రెంచివారికి ఇటలీని స్ఫురింపజేస్తాయన్నాడు. బొమ్మకు అర్థాలు అనేకం గనుక, మాట లంగరులా దానిని ఒకచోట నిలుపుతుందన్నాడు.

మేము పాత గోడపత్రికలోని అక్షరాలను కాగితంతో కప్పి ఇరుగుపొరుగు వారికి చూపించాము. దయ అన్నారు, ఖైరాత్ అన్నారు, భిక్ష అన్నారు. హక్కు అని ఒక్కరూ అనలేదు. జకాత్ తీసుకునే ఒక వితంతువైతే ఏమీ అనకుండా ఆ కింది చేతినే చూస్తూ ఉండిపోయింది.

పై చేయి మేలైనదన్న హదీసు అందరికీ తెలిసిందే. యాచనకు అలవాటు పడవద్దన్న హితవు అందులో ఉంది. అయితే ధనవంతుల సొమ్ములో అడిగేవారికీ, వంచితులకూ నిర్ణీతమైన హక్కు ఉన్నదని దివ్యఖుర్ఆన్ 70వ సూరా 24, 25 ఆయతులు తెలుపుతున్నాయి. గోడపత్రికలో అక్షరాలు ఈ ఆయతులను చెబుతుంటే, బొమ్మ చేతుల గురించి మాట్లాడుతున్నది. ఇక్కడ లంగరు పట్టలేదు.

కన్నీరు చూపకపోతే ఎవరి చేయీ జేబులోకి పోదని ఒక పెద్దాయన వాదించారు. అందులో నిజం లేకపోలేదు. కానీ నిసాబ్‌కు చేరిన ధనం ఏడాది నిలిస్తే 40వ వంతు చెల్లించవలసిందే. ఎవరూ ఏడవకపోయినా ఆ లెక్క మారదు.

మరి హక్కును ఎలా గీయాలి? తక్కెడ గీస్తే కోర్టు గుర్తుకు వచ్చింది. చివరకు మా అమ్మాయి 40 గళ్ళు గీసి, 39 గళ్ళకు రంగు వేసి, ఒకదానిని ఖాళీగా వదిలింది. అక్షరాలు లేకుండా చూపితే, ఒకాయన ప్లాట్ల వెంచరా అని అడిగారు! మిగిలినవారు మాత్రం, ఆ ఖాళీ గడి ఎవరిదని అడిగారు. మాకు కావలసిన ప్రశ్న అదే. దాని కింద, ఇది మీ దగ్గరున్న వేరొకరి సొమ్ము అని రాశాము.

ఖాళీ గడికి ఆకుపచ్చ రంగు వేయాలని కొందరు పట్టుబట్టారు. మసీదు చందా అనుకుంటారేమోనని మేము దానిని తెల్లగానే ఉంచి అచ్చుకు పంపాము.