ఆకు లేని పువ్వు

తొలి జల్లులు పడ్డాక కొన్ని ఇళ్ల పెరట్లో ఆకు జాడే లేకుండా నేలను చీల్చుకుని ఓ పువ్వు లేస్తుంది. ముడతల అంచులతో ముదురు ఊదారంగు మట్ట, దాని నడుమ మెదడులా మడతలు పడిన లావుపాటి గుబ్బ. సాయంత్రానికి కుళ్లిన మాంసం వాసన. ఇంటివాళ్లు వింత పువ్వంటారు, కొందరు భయపడి పెకలించి పారేస్తారు. అది అదే ఇంటి వంటగదికి తరతరాలుగా తెలిసిన కంద. శాస్త్రీయనామం అమార్ఫోఫాలస్ పియోనిఫోలియస్, చేమ కుటుంబమైన ఏరేసికి చెందిన మొక్క.

బచ్చలితో కలిపి వండే దుంప తెలిసినవారికి దాని పువ్వు తెలియకపోవడానికి కారణం సాగు పద్ధతే. దుంపను ముక్కలుగా కోసి నాటుతారు, ఎనిమిది తొమ్మిది నెలలకు తవ్వేస్తారు. కొవ్వూరు ప్రాంతపు నాటు కంద నుంచి ఎంపిక చేసిన ‘గజేంద్ర’ రకం దురద తక్కువని పేరు తెచ్చుకుని ఇతర రాష్ట్రాలకూ వెళ్లింది. ఆ చేలలోనూ పువ్వు చూసే అవకాశం తక్కువే. ఎవరూ తవ్వక మరిచిపోయిన దుంప మట్టిలో ఊరి, తగినంత లావయ్యాకే పూస్తుంది.

ఇలాంటి పువ్వు, ఎండబెట్టిన మొక్కలను షీట్లకు అంటించి దాచే విశ్వవిద్యాలయ హెర్బేరియానికి చేరితే అక్కడి సహాయకుడు ముందు కత్తి అందుకుంటాడు. ఏళ్ల తరబడి మొక్కలు అదిమిన ఆ వేళ్లకు తొందర లేదు. మట్టను నిలువునా చీల్చి, లోపలి కంకిని రెండు బద్దలు చేసి బల్లమీద పరుస్తాడు. అప్పుడు తెలుస్తుంది అది ఒక్క పువ్వు కాదని. అడుగున ఆడపూల వరసలు, వాటిపైన మగపూల పట్టీ, అన్నిటిపైన పూలేమీ లేని గుబ్బ. ఫోనులో తీసిన ఫొటోలో ఇవేవీ కనిపించవు. ఆడపూలు ముందు సిద్ధమవుతాయి. ఆ వేళ కంకి వేడెక్కి వాసనను వెదజల్లుతుంది, పెంకు పురుగులు మూగుతాయి. పుప్పొడి రాలేది ఆ తరువాతే. కనుక ఆడపూలకు అదే కంకి పుప్పొడి అందడం కష్టం.

“పువ్వు తెచ్చారు సరేనమ్మా, ఆకేదీ?” అని సహాయకుడు అడిగే ప్రశ్నకు ఎదుటివారి దగ్గర జవాబుండదు. పువ్వు వాడిపోయాకే ఆకు పుడుతుంది. కాండంలా కనిపించే మచ్చల కాడ నిజానికి ఆకుకాడ, పైన గొడుగులా విచ్చుకునేదంతా ఒకే ఆకు. దగ్గరి బంధువైన అడవి జాతి అమార్ఫోఫాలస్ సిల్వాటికస్ కంకి సన్నటి పొడుగాటి కాడమీద నిలుస్తుంది, పెరటి కంద కంకి మాత్రం నేలకు అంటుకున్నట్టే ఉంటుంది. ఈ తేడా పువ్వును మొదలంటా తీసుకొస్తేనే తేలుతుంది.

కంద జాతి మొక్కలను భద్రపరచడం కష్టం. నీరెక్కువ, కాగితాల మధ్య పెడితే ఎండేలోగా కుళ్లి నల్లబడతాయి. పలచటి బిళ్లలుగా కోసి, కాగితాలు రోజూ మార్చాలి, లేదంటే ఆల్కహాలు సీసాలో నిలవచేయాలి. రంగు, వాసన ఎలాగూ మిగలవు గనుక వాటిని అప్పటికప్పుడే చీటీలో రాయాలి. ఇంత శ్రమకు వెనకాడి సేకర్తలు వీటిని దాటిపోతుంటారు. బీరువాల్లో చాలా షీట్లు సగం మొక్కలే: ఒకదాంట్లో ఆకు, ఇంకోదాంట్లో పువ్వు, రెండూ వేర్వేరు ఊళ్లవి. సామర్లకోటలో 1781 నుంచి 1793 వరకు పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించాడు, తెలుగు పేర్లు రాసుకున్నాడు. కందకు ఆరమ్ కాంపానులాటమ్ అని పేరుపెట్టిందీ ఆయనే. అంతటి ఆరంభం ఉన్న నేలమీద ఇటీవలి షీట్లలో స్థానిక నామం గడి ఖాళీగా ఉండటం మనసును కలచివేస్తుంది.

ఆ లోటు తీర్చగలిగేది పెరడే. అడవిలో సేకర్త ఒక రోజు ఉండి వెళ్తాడు, ఇంటివారు ఏడాదంతా అదే మొక్క పక్కన ఉంటారు. పువ్వు లేచిన తేదీ, రంగు, వాసన, ఇంట్లో పిలిచే పేరు ఒక కాగితంపై రాసి, ఆ చోట ఒక పుల్ల పాతాలి. వానల్లో ఆకు విచ్చుకున్నాక కాడతో సహా ఒక భాగం కోసి ఆరబెట్టాలి. కాయలు పట్టి ఎర్రబడితే కొన్ని తీసి ఉంచాలి. ఆ కాగితానికీ, ఆకుకూ, కాయలకూ ఒకే సంఖ్య వేసి హెర్బేరియానికి ఇస్తే అది పూర్తి నమూనా అవుతుంది. అందుకోసం దుంపను తవ్వనక్కరలేదు.