రేలపూల గుత్తి

వైశాఖపు ఎండకి వంశధార ఇసుకమేటల మధ్య పాయలుగా చీలితే, గట్టుమీది రేలచెట్టు పసుపు గుత్తులు వేలాడేస్తుంది. ఆకులు రాల్చుకున్నాకే దానికా సొగసు! ఓ గుత్తి తెచ్చి ఇత్తడి చెంబులో పెడితే చీకటి గది కాస్త తేటపడుతుంది. రేకులు ఎక్కువసేపు నిలవవు. అయినా తెస్తాం.

ఇప్పపువ్వు సంగతి వేరు. దాన్నెవరూ కొయ్యరు. రాత్రి విచ్చి, తెల్లారేసరికి తనే రాలుతుంది; కొండల్లో సవరలు ఏరుకుంటారు. మా శ్రీముఖలింగంలో మధుకేశ్వరుడు ఇప్పచెట్టులోనే వెలిశాడని స్థలపురాణం. తూర్పు గాంగుల కాలపు ఆ గుడి గోడలమీద చెక్కిన తీగలు వెయ్యేళ్లు దాటినా వాడలేదు. వాటిని కళ్లారా చూసొచ్చి, ఇంటికి మాత్రం వాడిపోయేవే ఎందుకు తెచ్చుకుంటామో!

మా అత్తకి ఈ ఆలోచనలేవీ పట్టవు. రాలిన రేకులు ఎవరూడుస్తారని అడుగుతుంది.