విలన్‌గారి సీసా పుట్టిల్లు

మన పాత సినిమాల్లో విలన్‌గారి డెన్ ఎలా వుంటుందో మీకు వేరే చెప్పాలా? ఎర్ర బల్బులు, మెలికలు తిరిగే మెట్లు, ఓ మూల బారు, ఆ బారు మీద లావుపాటి సీసా. లేబులు మీద పెద్ద అక్షరాల్లో వాట్ 69! ఆ సీసా కనపడిందంటే ఆ ఇంట్లో డబ్బుందనీ, ఆ డబ్బు సవ్యంగా వచ్చింది కాదనీ నేల టిక్కెట్టు ప్రేక్షకుడికి కూడా తెలిసిపోయేది. (గ్లాసులో పోసేది ఏ టీ డికాక్షనో, కూల్‌డ్రింకో అనుకోండి... అది వేరే సంగతి.)

మరి ఆ సీసాకి పుట్టింట్లో వున్న మర్యాద ఎంత? ఆ సంగతి చూద్దామనే స్కాట్లాండ్‌లో అడుగుపెట్టగానే ముందుగా లీత్ రేవుకి వెళ్ళాను. ఎడింబరో నగరాన్ని ఆనుకునే వుంటుంది. విలియం శాండర్సన్ అనే లీత్ వ్యాపారి 1882లో నూరు రకాల దాకా విస్కీ మిశ్రమాలు కలిపి, ఒక్కోదానికి ఒక్కో నెంబరు వేసి, తెలిసినవాళ్ళని పిలిచి రుచి చూడమన్నాడట. అందరూ అరవై తొమ్మిదో తొట్టికే ఓటు వేశారట. వ్యాట్ అంటే తొట్టి. పేరు వెనక కథ ఇంతే. మన కుర్రకారు చెప్పుకునే అర్థాలేవీ దానికి లేవు సుమా!

ఇక అంతస్తు మాటకొస్తే, స్కాచ్ కుటుంబంలో అది మామూలు సంసారి. వయసు అంకె లేని బ్లెండు. మన దగ్గర దొరల సరుకు అయి కూచుందంటే అది రుచి చేసిన మహిమ కాదు, దిగుమతి ఆంక్షలూ సుంకాలూ చేసిన మహిమ. నూటికి నూట యాభై సుంకం వేస్తే మంచినీళ్ళు కూడా విలన్లే తాగుతారు! 2025 జులైలో ఇండియా, బ్రిటన్ సంతకాలు చేసిన ఒప్పందంలో ఆ నూట యాభైని ముందు 75కి, పదేళ్ళలో 40కి దించుతామని రాసుకున్నారు.

ఎడింబరోలో ఓ సూపర్‌మార్కెట్టులో విస్కీ అరల ముందు అరగంట నిలబడ్డాను. కింది అరలో సీసా 18 పౌన్ల 20 పెన్నీలు. అంతకంటే ఒక్క పెన్నీ తగ్గించినా నేరం! ఔను, స్కాచ్ పుట్టిన దేశంలోనే మందుకి కనీస ధర చట్టం వుంది. తాగి పోయేవాళ్ళ సంఖ్య తగ్గించాలని 2018లో పెట్టారు. 2024 సెప్టెంబరు 30 నుంచి యూనిట్‌కి 65 పెన్నీలు. డెబ్భై సెంటీలీటర్ల సీసాలో నలభై శాతం ఆల్కహాలంటే 28 యూనిట్లు. గుణించి చూసుకోండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీద తిరగబడ్డ సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు. సీసా ఎంత అందంగా వున్నా దాని వెనక ఇంటాయన కోసం ఎదురుచూసే ఆడమనిషి అన్ని దేశాల్లోనూ వుంటుంది.

ఆ పద్ధెనిమిది పౌన్లలో ఎక్సైజు సుంకం తొమ్మిది పైచిలుకు, అమ్మకం పన్ను మూడు. అంటే మూడింట రెండు వంతులు సర్కారు వారికే! మిగిలిన ఆరు పౌన్లలో ధాన్యం, మూడేళ్ళ నిలవ, సీసా, లారీ, కొట్టువాడి లాభం అన్నీ సర్దుకోవాలి. స్కాట్లాండ్ గడ్డ మీద ఓక్ పీపాలో కనీసం మూడేళ్ళు వుంటేనే స్కాచ్ అనిపించుకుంటుంది. ఒక్కరోజు తగ్గినా ఆ పేరు పెట్టకూడదు. కింది అర సరుకు ఆ మూడేళ్ళ గీత దాటిందన్నమాట. దాన్ని సోడాతో తాగడానికే చేశారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

నడుం ఎత్తు అరలో ముప్ఫై పౌన్ల చుట్టుపక్కల పన్నెండేళ్ళ బ్లెండ్లు. జానీ వాకర్‌లో ఎరుపు, నలుపు పేర్లు 1909 నుంచీ వున్నాయి. ఎరుపుకి అంకె లేదు, నలుపుకి 12. ఈ అంకె సంగతి గుర్తుంచుకోండి. కలిపిన విస్కీలన్నిటిలోకీ చిన్నదాని వయసే లేబులు మీద వెయ్యాలి. ఇరవయ్యేళ్ళది ఒక చెంబు పోసి ఇరవై అని రాసుకుంటామంటే కుదరదు! రూపాయికి ఎక్కువ రుచి దొరికేది ఈ అరలోనే అని నా అభిప్రాయం. ఆ పక్కనే నలభై పౌన్ల అటూ ఇటూ సింగిల్ మాల్టులు. అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీ ఒక్కదానితోనే, రాగి బట్టీల్లో దించిన సరుకు.

ఆ సింగిల్ మాల్టుని లోకానికి అమ్ముకోవచ్చని 1963లో మొదట ధైర్యం చేసిన గ్లెన్‌ఫిడిక్ వాళ్ళ ఊరు డఫ్‌టౌన్. ఎల్గిన్ నుంచి బస్సులో వెళ్ళాను. నాలుగు వీధులు కలిసే చోట గడియారం స్తంభం, చుట్టూ రాతి ఇళ్ళు. బస్సు దిగగానే అంబలి కాస్తున్న వాసన! ఇక్కడ 1887 క్రిస్మస్ రోజున విలియం గ్రాంట్ బట్టీ నుంచి మొదటి ధార పడింది.

నాకు డిస్టిలరీ కంటే క్రెయిగెలకీలో పీపాలు చేసేచోటు నచ్చింది. పై నుంచి చూడనిస్తారు. కింద పనివాళ్ళు సుత్తి దెబ్బ మీద దెబ్బ వేస్తూ ఇనప పట్టీలు దించుతుంటారు. జిగురు లేదు, మేకు లేదు. పని నేర్చుకోవడానికే నాలుగేళ్ళ శిష్యరికం. పీపాలు చాలావరకు అమెరికా నుంచి వచ్చినవి. బర్బన్‌కి ప్రతిసారీ కొత్త పీపానే వాడాలని అక్కడి చట్టం, అందుకని పాతవి ఇక్కడికి చేరతాయి. వాటిలో పెరిగిన విస్కీకి వెనిల్లా వాసన. స్పెయిన్ షెర్రీ పట్టిన పీపా అయితే ఎండు కిస్‌మిస్ వాసన.

ధర పెరిగేది పీపా లోపలే. ఏటా రెండు శాతం దాకా ఆవిరైపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. రెండొందల లీటర్ల పీపా పన్నెండేళ్ళకి 157 అవుతుంది, పాతికేళ్ళకి 120కి దిగుతుంది. బెంగుళూరు వేడికి అయితే ఏటా పదో వంతు పైనే ఎగిరిపోతుంది. అయినా అక్కడి అమృత్ కంపెనీ 2004లో తన సింగిల్ మాల్టుని తీసుకెళ్ళి గ్లాస్గోలోనే విడుదల చేసింది. కొమ్ములు తిరిగిన ఊళ్ళో గోదా దిగడమంటే అదీ!

ఇక తల పైకెత్తి చూడాల్సిన అర. 1926లో దించి, అరవై ఏళ్ళు పీపాలో వుంచి, 1986లో నింపిన మెకాలన్ నలభై సీసాలే. వాటిలో ఒకటి 2023 నవంబరులో లండన్ వేలంలో ఇరవై ఒక్క లక్షల పౌన్ల పైన పలికింది. దాన్ని కొన్నాయన మూత తీస్తాడనుకుంటున్నారా? అది తాగేది కాదు, బీరువాలో పెట్టేది.

ఈ పిచ్చి మీదే కెన్ లోచ్ 2012లో 'ది ఏంజెల్స్ షేర్' తీశాడు. కాన్స్‌లో జ్యూరీ బహుమతి వచ్చింది. పని లేని గ్లాస్గో కుర్రాళ్ళు అపురూపమైన పీపాలోంచి కాస్త దొంగిలించి, ఆ ఖాళీ మామూలు సరుకుతో నింపేస్తారు. లక్షలు పోసి పాడుకున్న ఆసామి రుచి చూసి ఆహా అంటాడు! థియేటర్ గొల్లుమంటుంది. దొరికితే తప్పకుండా చూడండి.

మా విజయవాడ మిత్రుడొకడు నేను బయల్దేరేటప్పుడే ఫోన్ చేశాడు. "ఒరేయ్, చెల్లాయి పెళ్ళిరా. మామగారు కాబోయే ఆయన ఫారిన్ సీసా మాటెత్తాడు. తెస్తే బ్లూ లేబులే తేరా. డబ్బు నే చూసుకుంటా." ఆ సీసా ఖరీదు రమారమి వాడి నెల జీతం! దాని మీద వయసు అంకె కూడా వుండదు. నలభై పౌన్లలో అట్టపెట్టెతో సహా పన్నెండేళ్ళ మాల్టు పట్టుకెళ్ళాను. (సుంకం లేకుండా కస్టమ్స్ వారు వదిలేది మనిషికి రెండు లీటర్లే.) వాడు మొదట మొహం మాడ్చుకున్నాడు. పెళ్ళయిన వారానికి ఫోన్ చేసి చెప్పాడు. వియ్యంకుడుగారు అందులో థమ్సప్ కలిపి తాగి, "ఫారిన్ ఫారినేనయ్యా!" అన్నారట. మిగిలిన డబ్బుతో చెల్లెలికి మంచం, బీరువా వచ్చాయి.

తాగే పద్ధతి గురించి పెద్ద శాస్త్రమేం లేదు. నోరు సన్నగా వుండే గ్లాసు, పాతిక మిల్లీలీటర్లు, ముందు ముక్కు, తర్వాత నాలిక. నాలుగు చుక్కల నీళ్ళు పోస్తే వాసన విచ్చుకుంటుంది, ఐసు వేస్తే ముడుచుకుంటుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇరవై ఒకటి నిండనివాళ్ళు ఈ పేరా చదివి పక్కన పెట్టెయ్యాలి!

చివరగా స్కై దీవి. దారిలో ఐలిన్ డోనన్ కోట వస్తుంది. 'కుచ్ కుచ్ హోతా హై' పాటలో షారుఖ్, కాజోల్ తిరిగిన కోట. అక్కడ కారాపి ఫోటో దిగని తెలుగువాడు వుండడు. దీవిలో సముద్రం ఒడ్డున 1830 నాటి టాలిస్కర్ డిస్టిలరీ. బార్లీని బొగ్గుమట్టి పొగ మీద ఆరబెడతారు కాబట్టి విస్కీకి పొగ వాసన. కారు నడిపేవాడికి అక్కడ చుక్క పొయ్యరు. 2014 నుంచి స్కాట్లాండ్‌లో ఆ చట్టం ఇంగ్లండ్ కంటే గట్టిది. అతని వంతు చిన్న బుడ్డిలో పోసి చేతికిస్తారు.

మాకు కారు నడిపింది గ్లాస్గోలో చదువుకుంటున్న గుంటూరు అబ్బాయి. రాత్రి రూములో బుడ్డి మూత తీసి వాసన చూసి, "అన్నా, మా నాయనమ్మ పొయ్యి గుర్తొస్తోంది" అన్నాడు. పెద్ద సీసా ఎంతని అడిగాడు. నలభై అయిదు పౌన్ల దాకా అన్నాను.

"అయితే నాలుగు గంటల డ్యూటీ" అని లెక్కగట్టి, ఒక్క గుక్క తాగి, మూత బిగించి బుడ్డి సూట్‌కేసులో పెట్టుకున్నాడు.