చీపురు తగలకముందే



పోయినవారం కాంట్రాక్టు కార్మికుల జీతాల గురించి రాశాను. ఈ వారం పూల గురించి రాస్తున్నాను. "అన్నా, మీరు కూడా పూలకుండీల్లో పడ్డారా" అని నవ్వకండి. చివరిదాకా చదవండి.

మొన్న శనివారం రాత్రి మా డాబా మీద బ్రహ్మకమలం పూసింది. అది మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు అమ్మ గురించి చెప్పాలి.

మా అమ్మ విశాఖలో ముప్ఫై ఏళ్ళు మున్సిపాలిటీ వీధులు ఊడ్చింది. తెల్లవారుజామున నాలుగింటికే చీపురు, తట్ట పట్టుకుని బయల్దేరేది. బడి సెలవుల్లో నేనూ తోడు వెళ్ళేవాణ్ణి. అమ్మకి చదువు రాదు, వీధుల బోర్డులు చదవలేదు. వాసనలే ఆమెకి గుర్తులు. నైట్‌క్వీన్ గోడ, రాధామనోహరం గేటు, మలుపులో పారిజాతం. ఆ ఇళ్ళవాళ్ళు నిద్రపోతున్న వేళ వాళ్ళ పూల వాసన పీల్చుకున్నది మేమే.

పారిజాతం ఇంటి దగ్గర మాత్రం ఒక నియమం ఉండేది. ఆ పువ్వు రాత్రి పూసి తెల్లారేసరికి రాలిపోతుంది. నేల మీద పడినా దేవుడికి పనికొచ్చే పువ్వు అదొక్కటే అంటారు. ఆ ఇంటావిడ పూలసజ్జ పట్టుకుని వచ్చేది. "ఆగవే, నీ చీపురు తగలకముందే ఏరుకోనీ" అనేది. అమ్మ చీపురు వెనక్కి పెట్టుకుని పక్కన నిలబడేది. ఆవిడ ఏరుకున్నవి పూజకి. మిగిలినవి చెత్త. అమ్మ ఊడ్చి తట్టలో ఎత్తేది.

ఒకే చెట్టు, ఒకే నేల, ఒకే పువ్వు. మట్టి తగిలితే మైల పడని పువ్వు మా అమ్మ చీపురు తగిలితే మైల పడిపోతుంది. అంటరానితనం అంటే ఏమిటని స్టడీ సర్కిల్లో ఎవరడిగినా నేను ఈ సంగతే చెప్తాను.

అమ్మ రిటైరయ్యే ఏడాది ఎవరో పగిలిన కుండీ, మొక్కతో సహా చెత్తకుప్పలో పారేశారు. అమ్మ అందులోంచి పొడుగాటి ఆకు ఒకటి ఏరి, కొంగులో చుట్టి తెచ్చింది. నిజానికి అది ఆకు కాదు, ఆకులా చదునైన కాండం. కోసిన చోట తడి ఆరేదాకా నాలుగు రోజులు నీడలో ఉంచింది. పాత పెయింటు డబ్బాకి అడుగున చిల్లులు పెట్టి, ఇసుక కలిపిన మట్టి పోసి, అందులో గుచ్చింది. అడవిలో చెట్ల కొమ్మల మీద బతికే జాతి ఇది. వేళ్ళకి గాలి కావాలి, నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ పనికిరాదు. ఓడల్లోంచి బొగ్గు దిగే ఊరు కదా, ఇక్కడ ఇంకో పని కూడా ఉంది. వారానికోసారి తడిగుడ్డతో ఆకుల మీది నల్లదుమ్ము తుడవాలి. అమ్మ తుడిచేది. మూడేళ్ళు ఒక్క మొగ్గ కూడా రాలేదు. అయినా తుడిచేది.

దీన్ని మన ఇళ్ళల్లో బ్రహ్మకమలం అంటారు. పూసిన రాత్రి పసుపు, కుంకుమ పెట్టి హారతి ఇస్తారు. అసలు బ్రహ్మకమలం వేరే. అది హిమాలయాల చలికొండల మీద పెరుగుతుంది, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. మన డాబాల మీదున్నది మెక్సికో, మధ్య అమెరికా అడవుల నుంచి వచ్చిన కాక్టస్. నాగజెముడికి చుట్టం. సముద్రాలు దాటి వచ్చిన ఈ మొక్కని ఊరూ పేరూ అడక్కుండా బ్రహ్మ పేరు పెట్టి నెత్తిన పెట్టుకున్నారు. తరతరాలుగా ఈ ఊరు ఊడుస్తున్న రెల్లోళ్ళని గేటు బయటే నిలబెట్టారు.

రాత్రి పూసే పువ్వులు చాలావరకు తెల్లగా ఉంటాయి, ఘాటుగా వాసనేస్తాయి. చీకట్లో తిరిగే రెక్కల పురుగుల్ని తెలుపూ వాసనా చూపించి పిలుచుకుంటాయి. పువ్వు చీకట్లో పూసేది ఎవరో ఒకరికి కనపడటానికే.

మా నాయనమ్మ కూడా చీకట్లోనే పని చేసింది. ఆమెది పాకీ పని. జనం లేవకముందే దొడ్లు ఎత్తి, ఎవరి కంటా పడకుండా వెళ్ళిపోవాలి. నాయనమ్మ తల్లో పువ్వు పెట్టుకోగా నేను ఎప్పుడూ చూడలేదు. "ఈ సేతుల్తో పువ్వు ముట్టుకోబుద్ది కాదురా" అనేది. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. మురుగుకాలువల్లో దిగి చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలని 2014లో, సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగింది. చావులు ఆగలేదు.

మళ్ళీ శనివారానికి వద్దాం. సాయంత్రానికి కిందికి వేలాడే మొగ్గ మెడ ఎత్తి, ఉబ్బింది. అంటే ఆ రాత్రే పూస్తుంది. మా తమ్ముడు స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు లేబరు. సి షిఫ్టుకి పోతూ మొగ్గని చూసి వెళ్ళాడు. పొద్దున్న వచ్చేసరికి పువ్వు వాడి వేలాడుతోంది. కొలిమి ఆరకూడదు కాబట్టి ఎవరో ఒకరు రాత్రంతా మేలుకోవాలి.

తొమ్మిదింటికి రేకులు విడటం మొదలైంది. పదకొండుకి అరచేయంత పువ్వు. పేట పిల్లలంతా డాబా ఎక్కేశారు. పక్కింటి పిన్ని కొబ్బరికాయ తెచ్చింది. అమ్మ నవ్వి, "మొక్కని మొక్కక్కర్లేదే, నీళ్ళు పొయ్యి సాలు" అంది. ఆ కాయ కొట్టి పిల్లలకి ముక్కలు పంచింది.

పొద్దున్నే వెనక అపార్ట్‌మెంట్ నుంచి ఒకావిడ వచ్చారు. బాల్కనీలోంచి చూశారట. "తమ్ముడూ, ఒక ఆకు ఇస్తారా? పూజకి మంచిదట" అన్నారు. అదే పేటలో ఇన్నేళ్ళుగా ఉంటూ ఆవిడ మా గడప దాకా రావడం అదే మొదలు. పారిజాతం ఇంటావిడ గుర్తొచ్చింది. లేదని చెప్దామని నోటిదాకా వచ్చింది.

అమ్మ లోపల్నుంచి అంది: "ఇయ్యరా. కానీ సెత్తకుప్పలో ఏరుకొచ్చిందని సెప్పి ఇయ్యి."

చెప్పాను. అమ్మ ఏం పని చేసిందో కూడా చెప్పాను. ఆవిడ చేయి చాచింది చాచినట్టే కాసేపు ఆగిపోయింది. తర్వాత ఆకు తీసుకుని, "ఎలా నాటాలి అమ్మా" అని లోపలికి చూసి అడిగింది.

దీన్ని నేను మార్పు అనను. ఆ ఆకు పూజగదిలోకి వెళ్తుందో, బాల్కనీలో ఎండిపోతుందో తెలీదు. కానీ ఎవరి చేతిలోంచి వచ్చిందో తెలిసే వెళ్ళింది. అమ్మకి అది చాలు. నాకు చాలదు, అందుకే ఇది రాస్తున్నాను.

హాస్టళ్ళలో ఉన్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆకు కావాలంటే ఇంటికి రండి. పెయింటు డబ్బా మీరే తెచ్చుకోండి. షరతు ఒక్కటే. అది పూసిన రాత్రి ఎవరైనా ఎక్కడిదని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పాలి.

జై భీమ్.